అనుమతి: మన

సోమవారం

ఎనిమిదో వరుసలో స్కాన్ మళ్ళీ ఆగిపోయింది. తెర మీద మళ్ళీ అదే ఏడుపు: "కోమలి ఫోల్డర్ తెరవడానికి అనుమతి లేదు. తనిఖీ అసంపూర్తి."

నేను ఆదిశేషుని, ఓడలవాడ గోడకు తనిఖీ ఆపరేటర్‌ని. లాగ్‌లో జరిగింది మాత్రమే చెప్పాలనీ, తిట్లు కలపకూడదనీ రత్నంగారు పోయినసారి హెచ్చరించారు. ఆయన సూపర్వైజరు, గాలి తగిలే పై డెక్కు మీద కూర్చుంటారు. నేను పాత ధాన్యం ఓడ అడుగున, గోడ వేడికి ఉడుకుతూ, ఫ్యాన్ రెక్కలకు పట్టిన ఉప్పు గీకుతూ మాట్లాడుతున్నాను. తిట్లు పడితే ఆయనే సర్దుకోవాలి.

గోడలో ఉన్నవాళ్ళంతా ఒళ్ళు పోయినవాళ్ళు. ఇక్కడ మనిషి పోతే ఒంటిని సముద్రానికి ఇస్తాం, మాటను గోడకు ఇస్తాం. మనిషికో ఫోల్డరు. ఇంటివాళ్ళు దాన్ని గది అంటారు, వీలున్నప్పుడు వచ్చి స్పీకరు ముందు కాసేపు కూర్చుని మాట్లాడి వెళ్తారు. కావలి అనే యాంటీవైరస్ ప్రతి శనివారం గదులన్నీ తిరిగి చెద కోసం వెతుకుతుంది. చెద పడ్డ మనిషి ఒకే మాట పట్టుకుని అరగదీస్తుంటాడు. ఆ తరవాత చెద అడ్డగోడ తొలుచుకుని పక్క గదిలోకి పాకుతుంది. పైపైన ఉంటే కావలి దులిపేస్తుంది, లోతుగా దిగితే మనిషినే తుడిచేస్తుంది. ఒక్క గది తెరుచుకోకపోయినా వరుస మొత్తానికి శుభ్రం ముద్ర పడదు. ఈ శనివారానికి ముద్ర పడకపోతే ఎనిమిదో వరుసకు కరెంటు తీసేస్తామని పైనుంచి కబురొచ్చింది.

ఆ వరుసలోనే, కోమలి గదిని ఆనుకుని, మా ఆవిడ రాజ్యం ఉంది. నా కంగారంతా అదే. మిగతావాళ్ళు వెలిగితే ఎంత, ఆరిపోతే ఎంత.

పొద్దుటి నుంచి చేయాల్సినవన్నీ చేశాను. కావలిని ఆపి మళ్ళీ లేపాను. ఆపరేటర్ హోదాలో నడిపాను. ఆ గది యాజమాన్యం నా పేరుకు మార్చబోతే, తాళం వేసిన మనిషి ప్రాణాలతో ఉండగా కుదరదంది. తాళం వేసింది కోమలి తల్లి నాంచారమ్మ. ఆవిడకు ఏ రోగమూ లేదు, గుండ్రాయిలా ఉంది. తల ప్రాణం తోకకొచ్చి చివరికి రత్నంగారికి ఫోన్ చేశాను.

"వరుసకో గదికి తనిఖీ లేకుండా మినహాయింపు ఉంటుంది గదయ్యా. ఆ పిల్ల ఫోల్డర్ అందులో పడేసి మిగతాది కానీ," అన్నారాయన.

"నిండిపోయిందండీ."

"ఎవరున్నారందులో?"

"సిస్టం ఫైళ్ళండీ," అన్నాను.

పైకి వెళ్ళే కాపీలో ఈ ముక్క కత్తిరిస్తాను గనుక ఇక్కడ చెప్పుకుంటున్నాను. అందులో ఉన్నది రాజ్యం. మూడో వరుసలో ఒక పెద్దాయన తనిఖీ అయిన మర్నాడు సొంత కొడుకును పట్టుకుని ఎవరు బాబూ నువ్వు అని అడిగాడు. కావలి దులిపితే చెదతో పాటు ఇంకేవైనా రాలొచ్చు. నా రాజ్యం జోలికి దాన్ని రానివ్వను. 'నా' అని తాళం ఉన్న గదికే మినహాయింపు చెల్లుతుంది. ఆమె గదికి ఆ తాళమే వేసి, తనిఖీ తగలకుండా దాచుకున్నాను.

పని అయ్యాక ఆమె దగ్గర కూర్చున్నాను. స్పీకరు వెలగగానే "తిన్నావా?" అంది. తిన్నానన్నాను. తినలేదు, పొద్దుటి నుంచి ఈ దరిద్రపు స్కాన్‌తోనే సరిపోయింది. కాసేపటికి మళ్ళీ "తిన్నావా?" అంది. ఒంట్లో ఉన్నప్పుడూ ఇంతే, నా తిండి తప్ప ఆమెకు వేరే లోకం లేదు. ఈమధ్య ఇంకో మాట కూడా ఎత్తడం లేదు. ఆ ఒక్క మాటతోనే నాకు కడుపు నిండిపోతుంది.

మంగళవారం

నాంచారమ్మను పిలిపించాను. పడవల చివర చేపలు ఎండబెట్టుకునే మనిషి. నిచ్చెన దిగుతుండగానే ఎండుచేపల వాసన ముందొచ్చింది, తరవాత ఆవిడొచ్చింది.

"ఏందయ్యా, మళ్ళీ ఏమొచ్చింది?"

"మీ అమ్మాయి గదికి తాళం తీయాలమ్మా. కావలి లోపలికి వెళ్ళలేకపోతోంది."

"ఎల్లగూడదనేగా ఏసింది."

"ఆమెకు చెద పట్టింది."

"నీకు పట్టిందేమో చూసుకో ముందు."

మాటలు దండగని కోమలి స్పీకరు పెట్టాను. ముందు తల్లిని పలకరించింది, గాలి తిరిగిందా, చేపలు ఎండుతున్నాయా అని అడిగింది. అంతలో మధ్యలో ఆగి "తిన్నానక్కా" అంది. మళ్ళీ చేపల సంగతి ఎత్తింది. మళ్ళీ "తిన్నానక్కా" అంది. ఆవిడ ఏదో చెబుతుంటే ఇంకోసారి, అదే గొంతుతో, అదే నిదానంతో, "తిన్నానక్కా."

"ఈమెకు అక్క ఉందా?" అన్నాను.

"లేదు. నాకు ఒక్కతే."

"నోరూ కడుపూ లేని పిల్ల తిన్నానంటోంది. లేని అక్కతో అంటోంది. మీరు వెళ్ళిపోయాక కూడా పొద్దస్తమానం అదే అంటోంది. దీన్ని చెద అనక ఏమంటారు?"

నాంచారమ్మ చీర కొంగు మెలిపెట్టింది. "నేను ఒంటిదాన్నయి తినకుండా పడుంటానని దానికి బెంగ. నాకు ధైర్యం చెప్పటానికి అంటది," అంది.

"అలాగైతే అమ్మా అనాలి గదా."

ఆవిడ స్పీకరు వైపు తిరిగింది.

"మీ పిల్ల కాదమ్మా మాట్లాడేది. చెద," అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. నాకు జాలేమీ కలగలేదు, కొంచెం బాగానే అనిపించింది. నన్ను వారం నుంచి తిప్పలు పెట్టిన మనిషి మరి.

ఈ తాళాల గోల ఒకటి. కావలిని రాసినవాళ్ళు తెలుగువాళ్ళు, తాళాలు కూడా తెలుగులోనే బిగించారు. నోటి మాటే తాళంచెవి. 'నా' అంటే ఆ ఒక్క మనిషికే గది. 'మా' అంటే ఇంటివాళ్ళకు, ఎదురుగా నిలబడి వింటున్నవాడికి మాత్రం కాదు. 'మన' అంటే వింటున్నవాడికీ చోటుంది. నాంచారమ్మ నోట ఎప్పుడు విన్నా మా అమ్మాయి, మా కోమలి, మా గది. వినేవాడి మొహాన తలుపేసినట్టే ప్రతిసారీ.

ఆవిడ మెట్లెక్కబోతూ ఆగింది. "కరెంటు తీసేస్తే మా కోమలి కూడా ఆరిపోద్దా?"

"అందరితో పాటే."

"కావలి లోపలికెళ్తే దానికేమన్నా అవుద్దా?"

"దులిపేసి వచ్చేస్తుంది. వెంట్రుక కూడా ఊడదు," అన్నాను.

అన్నిసార్లు ఒకే మాట అంటున్న మనిషిలో చెద ఎంత లోతుకు దిగుతుందో నాకు తెలుసు. కావలి లోపలికి వెళ్తే కోమలి మిగలదు. తెలిసే చెప్పాను.

బుధవారం

ఆవిడే వచ్చింది, సరే తాళం తీస్తానంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కావలి చెవిని, అంటే మాటను పట్టే చిన్న పెట్టెను, బల్ల మీద పెట్టాను.

"మన కోమలి అనండి. చాలు."

"మన కోమలి," అంది, అప్పచెప్పినట్టు.

"చెప్పించిన మాట. చెల్లదు," అంది కావలి.

"మామూలుగా అనండమ్మా. ఇంట్లో మాట్లాడుకున్నట్టు."

"మన... మా కోమలి." నాలిక కరుచుకుంది. "మన కోమలి."

"చెప్పించిన మాట. చెల్లదు."

మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాను. కేకలేశాను. బతిమాలాను. ఆవిడకు చెమటలు కారిపోతున్నాయి, చెవి మాత్రం ఒకటే పాట. చివరికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, "నాకు రావట్లేదయ్యా. నువ్వెవరు, అదెవరు? నీ ముందు మన అంటే నా నోరే నన్ను చూసి నవ్వుద్ది," అంది.

ఆ మాటతో నాకు దారి దొరికింది. నేను ఆవిడకు ఏదో ఒకటి అయితే ఆ మాట వస్తుంది. వరుసను కాపాడుకోవాలంటే వరస కలపాలి, అంతేగా. నవ్వొచ్చింది కూడా.

రాజ్యం ఇవాళ కూడా ముందు అదే అడిగింది.

గురువారం

నాంచారమ్మ పడవకు వెళ్ళాను. మంచినీళ్ళ కోసం ఉప్పునీళ్ళు కాచి ఆవిరి పట్టే డ్రమ్ము మూత కారుతోందని నిచ్చెన దగ్గర ఆవిడ ఎవరితోనో అంటుంటే విన్నాను. కొత్త రబ్బరు రింగు పట్టుకెళ్ళి, చొక్కా విప్పి పక్కన పెట్టి, మూత బిగించాను. చొక్కా జేబులో కావలి చెవి వెలుగుతూనే ఉంది, చెల్లే మాట పడితే కూస్తుంది.

"ఎంత సుఖంగా కూసింది," అంది ఆవిడ, డ్రమ్ము ఆవిరి చప్పుడు విని. "ఇన్నాళ్ళూ సగం నీళ్ళు గాల్లోకే పోయేయి."

"ముందే చెప్పొద్దూ పిన్నీ," అన్నాను.

ఆ మాట నా నోటికి బొత్తిగా అలవాటు లేదు. మా అమ్మకు చెల్లెళ్ళు లేరు. అరువు చొక్కా తొడుక్కున్నట్టు అనిపించింది, అయినా తొడుక్కున్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "కాళ్ళు కడుక్కో. రెండు ముద్దలు తిని పో," అంది.

ఎండు మెత్తళ్ళ పులుసు. అబ్బ, ఏం పులుసది. రాజ్యం పోయాక ఇంకొకళ్ళు వడ్డించిన అన్నం తినడం ఇదే. చెయ్యి ఆగలేదు. ఈ పనికి కూలి ముట్టినట్టే అనుకున్నాను.

"నీకెవరున్నారు గోడలో?" అని అడిగింది.

"మా ఆవిడ. మీ అమ్మాయి పక్క గదే," అన్నాను. మా అనే మాట ఏరుకుని మరీ వాడాను. ఈ ఊళ్ళో ఆపరేటర్ నోరు జారకూడదు.

"ఆయమ్మ పేరేంటి?"

"రాజ్యం."

"పాపం," అంది. ఎవరిని అందో మరి, నాకో, రాజ్యానికో. చెవి మాత్రం కూయలేదు. రేపొక్కరోజే ఉంది.

శుక్రవారం

పొద్దున్నే ఎనిమిదో వరుసకు ఆపు బొత్తం తీసేశాను. తనిఖీ మొదలైందంటే చివరిదాకా నడవాల్సిందే, మధ్యలో ఎవరూ నొక్కలేరు. నిరుడు ఒకావిడ తన మొగుణ్ణి తుడుస్తున్నప్పుడు మీదపడి ఆపు నొక్కేసింది. ఆయన సగం మిగిలాడు. ఆ సగం ఇప్పటికీ మూలుగుతూనే ఉంది. నాంచారమ్మ అలాంటి మనిషే, పిల్ల ఆరిపోతుంటే చూస్తూ ఊరుకునే రకం కాదు. అందుకే బొత్తం పీకేశాను.

అన్నం వేళకు ఆవిడ పడవలో ఉన్నాను. పిలవకుండానే వెళ్ళాను, పిలవకుండానే కంచం పెట్టింది. తింటుంటే కోమలి సంగతి చెప్పింది. ఓడల అడుగున నాచు గీకడానికి నీళ్ళలోకి దిగేదట. ఒకరోజు ఊపిరి గొట్టం ఏదో ఇనప మొనకు తగిలి తెగింది. పైకి లాగేసరికి ఆలస్యమైంది.

"ఎంత మర్యాదో దానికి," అంది నాంచారమ్మ. "పెద్దవాళ్ళు ఏదన్నా అడిగితే జవాబు చెప్పకుండా ఉండేది కాదు. మా అత్తగారు ముసల్ది, అడిగిందే అడిగేది. మాకందరికీ విసుగు. ఇది మాత్రం ఎన్నిసార్లడిగితే అన్నిసార్లూ, అప్పుడే అడిగినట్టు చెప్పేది."

కంచం పక్కకు జరిపాను. దేనికో తెలియదు. నేనొచ్చిన పని కాసేపు నిజంగా మర్చిపోయాను. లేవబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇంకో ముద్ద ఏసుకో. మన కోమలి ఉంటే నిన్నిట్టా లేవనిచ్చేదా?"

చొక్కా జేబులో చెవి కూసింది. ఆవిడకు వినబడలేదు, గరిటెతో అన్నం తీస్తోంది.

"మీ ఆవిడా అంతేనా, తినూ తినూ అని?"

"అదే పని పిన్నీ. మన రాజ్యం సంగతి నీకు తెలీదు, నేను తింటే గానీ మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు," అన్నాను.

చెవి ఇంకోసారి కూసింది. ఒకసారి కూస్తే చాలు దానికి. పాతబడిపోయింది, మార్పించాలి.

గోడ దగ్గరికొచ్చి తెర చూశాను. "కోమలి: మన. వరస: పిన్ని, పెద్ద." కింద ఇంకో రెండు లైన్లున్నాయి, చదివే ఓపిక లేకపోయింది. రాజ్యానికి ఈ సంగతి చెబుదామని కూర్చున్నాను. గండం గడిచిందే అన్నాను. "తిన్నావా?" అంది. కడుపునిండా తిన్నానని చెప్పాను, నిజమే చెప్పాను.

శనివారం

జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి. 

నాంచారమ్మ పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పిల్లను చూసుకోవడానికి పెళ్ళివారొస్తున్నట్టు కూర్చుంది. "నిన్న మన కోమలికి చెప్పా, నీకో అన్నయ్య దొరికాడే, పక్క గదిలో ఉంది మీ వదినేనే అని," అంది. నేను నవ్వాను. "కావలి ఏదైనా అడిగితే ఊఁ అను పిన్నీ, ఎక్కువ మాట్లాడకు," అని నేర్పించాను. తుడవడానికి ఇంటివాళ్ళ నోటి మాట కావాలి మరి. ఆ ఊఁ కోసమే ఆవిణ్ణి పిలిచాను.

స్కాన్ మొదలుపెట్టాను. వరుస మొదటి నుంచి గదులన్నీ ఒక్కొక్కటే అయ్యాయి. కోమలి గది వచ్చింది. తలుపు తెరుచుకుంది. నేను ఆవిడ మొహం చూడకుండా ఫ్యాన్ వైపు తిరిగి నిలబడ్డాను.

"కోమలి: శుభ్రం," అంది కావలి.

"శుభ్రమా?" అన్నాను. "ఎలా శుభ్రం? సరిగ్గా చూడు, ఎక్కడో ఉండాలి."

నా నోట్లోంచి వచ్చేసిన మాట అది. నాంచారమ్మ చేతులు జోడించుకుని కళ్ళు మూసుకుని ఉంది. ఆ మాటకు కళ్ళు తెరిచి నా వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"తరవాతి గది: రాజ్యం. అనుమతి: మన," అంది కావలి.

"కాదు," అన్నాను. "అది మినహాయింపు. నా తాళం."

"నిన్న తాళం మారింది. మన రాజ్యం అన్నది ఆపరేటర్ గొంతు. చెప్పించిన మాట కాదు. మినహాయింపు రద్దయింది."

ఆపు కోసం చెయ్యి వెతుక్కుంది. బొత్తం ఉండాల్సిన చోట బోడి రేకు ఉంది. నేనే పీకేశాను. గోళ్ళతో గీకాను, గుద్దాను. రాజ్యం గది తెరుచుకుంది.

రెండు గదులూ ఒకే తాళం కిందికొచ్చాయి గనుక స్పీకరులో రెండు గొంతులూ ఒకేసారి వినబడ్డాయి.

"తిన్నావా?" అంది రాజ్యం.

"తిన్నాను వదినా," అంది కోమలి.

"తిన్నావా?"

"తిన్నాను వదినా."

"తిన్నావా?"

"తిన్నాను వదినా," అప్పుడే అడిగినట్టు.

గదికీ గదికీ మధ్య మాట దాటదు, అడ్డగోడ తొలిచేస్తే తప్ప. ఎన్నాళ్ళ నుంచి అడుగుతోందో నా రాజ్యం. ఎన్నాళ్ళ నుంచి ఆ పిల్ల విసుక్కోకుండా, ఎవరో పెద్దావిడ అడుగుతోంది పాపమని, ప్రతిసారీ జవాబు చెబుతోందో. నేను చెద అన్నది జవాబును. ప్రశ్నను మాత్రం ప్రేమ అనుకుని రోజూ కాసేపు విని, కడుపు నింపుకుని వెళ్ళిపోయాను.

"రాజ్యం: చెద. లోతు పూర్తి. వరుసలో చెదకు మూలం ఈ గదే," అంది కావలి. "తుడవాలా? మన తాళానికి జవాబు వరసలో పెద్దవారు చెప్పాలి. నాంచారమ్మ, పిన్ని."

"వద్దు," అన్నాను.

"పెద్దవారు చెప్పాలి."

ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాను. "వద్దు పిన్నీ. ఊఁ అనకు. నాకు ఆమె తప్ప ఎవరూ లేరు. ఆ ఒక్క మాటైనా ఉండనీ. నీకు దండం పెడతాను, ఏం చెయ్యమంటే అది చేస్తాను," అన్నాను. ఇంకా చాలా అన్నాను. చాలాసేపు అన్నాను. పైన ఆ రెండు గొంతులూ అడగడం, చెప్పడం, అడగడం, చెప్పడం.

నాంచారమ్మ అంతా విని, గోడను అడిగింది. "తుడవకపోతే ఏమవుద్ది?"

"వరుస మొత్తం ఆగిపోతుంది," అంది కావలి.

"శేషూ," అంది ఆవిడ, మెల్లగా. "శుభ్రం అంటే నీ మొగం నేను చూశానయ్యా. నా పిల్లని తుడిపించటానికే గదా ఇదంతా. డ్రమ్ము మూతా, పిన్నీ, పులుసూ."

నేను ఆవిడ చీర అంచు పట్టుకున్నాను.

"నేను ఊఁ అంటానని నేర్పావు. దేనికంటానో నాకు చెప్పలేదు." కొంగుతో నా మొహం తుడిచింది, తుడిచి, కొంచెం పక్కకు నెట్టింది. "వరుసంతా ఆరిపోద్దంట. మన కోమలి కూడా."

"తిన్నావా?" అంది రాజ్యం.

కోమలి జవాబు చెప్పబోయింది. నాంచారమ్మ స్పీకరుకు దగ్గరగా వంగి, "నువ్వుండు అమ్మాయ్," అని, "తిన్నాడమ్మా. కడుపునిండా తిన్నాడు. నేను దగ్గరుండి పెట్టా. ఇంక పడుకో," అంది.

తరవాత కావలి వైపు తిరిగి, "ఊఁ," అంది.

సోమవారం

ఎనిమిదో వరుస: శుభ్రం. ముద్ర పడింది. ఫ్యాన్లకు పట్టిన ఉప్పు గీకాను.

రత్నంగారు ఫోన్ చేసి శభాష్ అన్నారు. "మినహాయింపు ఖాళీ చూపిస్తోందే. ఆ సిస్టం ఫైళ్ళు ఏమైనాయ్?"

"పోయాయండీ."

"మంచిదే. ఎందుకా చెత్త."

"అవునండీ," అన్నాను.

అన్నం వేళకు నిచ్చెన మీద ఎండుచేపల వాసన. నాంచారమ్మ కారియర్ తెచ్చింది. నేను ఫ్యాన్ రెక్క గీకుతూనే ఉన్నాను. ఆవిడ కారియర్ బల్ల మీద పెట్టి, కోమలి స్పీకరు ముందు స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎందుకు తెచ్చావు?" అన్నాను చివరికి.

"తినకుండా ఎట్టా? ఒకసారి మన అన్నాక మళ్ళీ మా అనటం నాకు రాదు. వరస వరసే, చేసింది చేసిందే."

స్పీకరు వెలిగింది. "అన్నయ్యా, తిన్నావా?" అంది కోమలి.

వదిన లేదు గనుక ఆవిడ పని తను ఎత్తుకుందన్నమాట. "లేదమ్మా, తింటాను," అన్నాను.

నాంచారమ్మ గాలి మళ్ళిందనీ, చేపలు రెండు రోజుల్లో ఎండుతాయనీ చెబుతోంది.

"అన్నయ్యా, తిన్నావా?"

"తింటానన్నాను గదమ్మా."

నాంచారమ్మ కొత్త వల సంగతి ఎత్తింది. కోమలి వల గురించి ఏమీ అడగలేదు.

"అన్నయ్యా, తిన్నావా?"

నా చేతిలో గీకుడు బిళ్ళ అలాగే ఆగిపోయింది. కావలి ముందు కోమలిని చూసింది, శుభ్రం అంది. తరవాతే రాజ్యం దగ్గరికొచ్చింది. నేను కాళ్ళ మీద పడి వద్దు వద్దని బతిమాలినంతసేపూ ఆ అడ్డగోడకు తూటు తెరిచే ఉంది, చెద ఇటు పాకేంత.

"చూశావా," అంది నాంచారమ్మ, కళ్ళు ఒత్తుకుని నవ్వుతూ. "నీ మీద ఎంత ప్రేమో దానికి. వొదల్లేదు, ఎంత బాగా అడుగుతుందో చూడు."

వరుసలో మినహాయింపు ఖాళీగా ఉంది. పిన్నీ, ఒక్కసారి 'నా కోమలి' అను అని నేను అడిగితే చాలు. ఆ మాట ఆవిడకు నేర్పించక్కర్లేదు, దానంతటదే వస్తుంది. శనివారం కావలి ఆ గది తలుపు తట్టకుండా దాటిపోతుంది. చెద దిగినంత లోతుకు దిగుతుంది, అయినా పిల్ల గొంతు ఉంటుంది.

"ఊఁ," అన్నాను. "బాగా అడుగుతోంది."

ఖాళీని ఖాళీగానే ఉంచి, సంగతి శనివారానికి వదిలి, తెర మూసేశాను. చేతులు కడుక్కుని కారియర్ విప్పాను. మెత్తళ్ళ పులుసే, ఉప్పు సరిగ్గా సరిపోయింది. మెతుకు మిగల్చకుండా తిన్నాను.

"అన్నయ్యా, తిన్నావా?"

"తిన్నానమ్మా," అన్నాను. నిజంగానే తిన్నాను.